అందంగా ఉన్న సైటు వెతికితే ఎందుకు దొరకడం లేదు? కొత్తవాడ దర్రీల సైటు గురించి ఒక సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "వరంగల్ కొత్తవాడలో మాకు దర్రీలు (జంపఖానాలు) నేసే మగ్గాలున్నాయి. ఈమధ్య డబ్బు పెట్టి ఒక వెబ్‌సైట్ చేయించుకున్నాం. చూసినవాళ్లందరూ బాగుందంటున్నారు గాని గూగుల్‌లో వెతికితే మా సైటు కనిపించడం లేదు, ఫోన్లు కూడా రావడం లేదు. సైటు చేసినవారే ఇప్పుడు నెలకింత అని, సెర్చ్‌లో పైకి తెచ్చే ఎస్‌ఈఓ ప్యాకేజీ తీసుకోమంటున్నారు, మొదటి స్థానం గ్యారంటీ అంటున్నారు. తీసుకోవాలా? సైటు తెలుగులో ఉండాలా, ఇంగ్లిషులో ఉండాలా?"

ప్యాకేజీ విషయం ముందే చెప్పేస్తాను: ఇప్పుడు తీసుకోవద్దు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాలలోనే రాసి పెట్టింది. ఆ హామీ ఇస్తున్నవారు ఒకవేళ దానిని నిలబెట్టుకున్నా, అది మీ సంస్థ పేరును ఉన్నదున్నట్టు టైపు చేసినప్పుడు వచ్చే మొదటి స్థానమే అయ్యే అవకాశం ఎక్కువ. మీ పేరు ముందే తెలిసినవారు ఎలాగూ మీకు ఫోను చేస్తారు. మీకు కావలసినవారు మీ పేరు తెలియనివారు, దర్రీ అవసరం మాత్రమే తెలిసినవారు.

హనుమకొండలో గాని, కరీంనగర్‌లో గాని చిన్న వ్యాపారాలకు సైట్లు తయారయ్యే వరుసే తలకిందులుగా ఉంటుంది. ముందు ఒక థీమ్, అంటే సైటుకు ముందే తయారుగా ఉన్న రూపం, ఎంచుకుంటారు, ఆ థీమ్‌లోని ఖాళీలలో ఫొటోలు నింపుతారు, మిగిలిన చోట పెట్టడానికి యజమానిని నాలుగు వాక్యాలు రాసి పంపమంటారు, సైటు మొదలైన కొన్నాళ్లకు ఎస్‌ఈఓ అనే మాట ఎత్తుతారు. నిజానికి సెర్చ్‌కు సంబంధించిన పనిలో సగానికి పైగా, ఏ ప్రశ్నకు ఏ పేజీ జవాబివ్వాలి అన్న జాబితా రాసుకోవడంలోనే అయిపోతుంది. అది థీమ్ ఎంచుకోకముందు, రంగుల గురించి మాట్లాడకముందు జరగవలసిన పని. చూడచక్కగా ఉండడం, వాడడానికి సులువుగా ఉండడం, వెతికితే దొరకడం అనేవి మూడు వేర్వేరు బిల్లులు వేయదగిన పనులని నేను అనుకోను. ఒక పేజీ ఒక ప్రశ్నకు తొందరగా, స్పష్టంగా జవాబివ్వగలిగితే ఆ మూడూ చాలావరకు కలిసే వస్తాయి.

అయితే మీ సైటులో అంతకంటే ముందు చూడవలసినది ఒకటి ఉంది. అసలు గూగుల్ మీ సైటును తన జాబితాలోకి తీసుకుందా లేదా అన్నది తేల్చుకోండి. గూగుల్‌లో 'సైట్' అనే ఇంగ్లిషు పదం, దాని పక్కన కోలన్ గుర్తు, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, టైపు చేస్తే, జాబితాలో ఉన్న మీ పేజీలు కనిపిస్తాయి. ఇది స్థూలమైన పరీక్ష మాత్రమే. కచ్చితంగా తెలియాలంటే సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో మీ సైటును నమోదు చేసుకొని, అందులోని యూఆర్‌ఎల్ తనిఖీలో పేజీ చిరునామా ఇచ్చి చూడాలి. మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సైట్ల తయారీ సాధనంలో చేసినదన్నారు కాబట్టి, దాని సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే విభాగం తెరిచి, సెర్చ్ ఇంజిన్లను రావద్దని కోరే చిన్న గడిలో టిక్కు ఉందేమో చూడమని చెప్పండి. సైటు తయారవుతున్నప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టడం సబబే. తయారై బయటికి వచ్చాక తీసేయడం మరచిపోతే మాత్రం, దుకాణం లోపల ఎంత మంచి సరుకున్నా షట్టర్ దించి ఉన్నట్టే. పాత సైటును కొత్తగా చేయించుకున్నవారిలోనూ ఇది నేను తరచుగా చూసే లోపం. మీ ప్యాకేజీలో మొదటి నెల చేసే ఘనకార్యం ఆ టిక్కు తీయడమే అయినా నాకు ఆశ్చర్యం ఉండదు.

దీనితో పాటు రోబోట్స్ ఫైలు కూడా చూడాలి. చాలామంది డిజైనర్లు దానినీ, ఆ టిక్కు వల్ల పేజీలో చేరే నోఇండెక్స్ సూచననూ ఒకటిగా అనుకుంటారు. రోబోట్స్ ఫైలు గూగుల్ యంత్రాన్ని పేజీ చదవకుండా ఆపుతుంది. నోఇండెక్స్ అనే సూచన, పేజీ చదివిన తర్వాత దానిని ఫలితాలలో చూపవద్దని చెబుతుంది. రోబోట్స్ ఫైలుతో తలుపు మూసి, లోపల నోఇండెక్స్ రాసిపెడితే ఆ రాత యంత్రానికి కనిపించనే కనిపించదు. మీకు రెండూ అడ్డు లేకుండా ఉండాలి. సైట్‌మ్యాప్ అనే పేజీల పట్టికను సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వడం మంచిదే గాని, ఒక్కో ఫైలులో 50,000 చిరునామాలు పట్టే ఆ పట్టికలో మీ సైటు నుంచి వెళ్లేది ఒకే ఒక్క చిరునామా అయితే దాని వల్ల ఒరిగేది తక్కువ.

అసలు లోపం అక్కడే ఉంది. మీరు పంపిన చిత్రాలను బట్టి మీ సైటంతా ఒకే పొడవాటి పేజీ. పైన నాలుగు ఫొటోలు వాటంతట అవే జరుగుతుంటాయి, వాటి కింద 'మా గురించి', దాని కింద ఫొటోల గ్యాలరీ, చివర ఒక ఫారం. ఇప్పుడు మీ కొనుగోలుదారులు ఫోనులో ఏమడుగుతారో గుర్తు చేసుకోండి. ఫంక్షన్ హాలు నడిపేవారు పెద్ద సైజులో ఎన్ని రోజులలో నేసి ఇస్తారని అడుగుతారు. హైదరాబాదులోని దుకాణదారు టోకు ధర, కనీస ఆర్డరు అడుగుతారు. ఇంట్లో వేసుకొనేవారు రంగు పోతుందా, వాషింగ్ మెషీన్‌లో వేయవచ్చా అంటారు. కలంకారీ అచ్చు వేసిన దర్రీ, ఇకత్ పద్ధతిలో నూలుకు రంగులద్ది నేసిన దర్రీ వేరువేరా, ధరలో తేడా ఎంత అని ఒకరు, చేతిమగ్గం మీద నేసినదేనని ఎలా నమ్మాలని ఇంకొకరు అడుగుతారు. వీటిలో ఒక్క ప్రశ్నకు కూడా మీ సైటులో జవాబు లేదు. జవాబు లేని పేజీని ఏ వెతుకులాటకు చూపాలో గూగుల్‌కు మాత్రం ఎలా తెలుస్తుంది?

కాబట్టి రేపటి నుంచి ఒక పని చేయండి. దుకాణానికి వచ్చే ఫోన్లలో, వాట్సాప్‌లో అడిగే ప్రశ్నలను వారు వాడిన మాటలలోనే ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. రెండు మూడు వారాలకు ఒకే రకం ప్రశ్నలు గుంపులుగా కనిపిస్తాయి. ఒక్కో గుంపు ఒక్కో పేజీ అవుతుంది. టోకు కొనుగోలుదారులకు ఒకటి, ఫంక్షన్ హాళ్లకు, హోటళ్లకు ఒకటి, ఇంటివాడకపు దర్రీలకు సైజుల వారీగా ధరలతో ఒకటి, ఉతకడం, ఆరబెట్టడం, భద్రపరచడం గురించి ఒకటి, గుంట మగ్గం మీద దర్రీ ఎలా తయారవుతుందో చూపే పేజీ ఒకటి. ఈ చివరిది అమ్మకపు పేజీ కాదనిపిస్తుంది గాని, దేశంలో పత్తి దర్రీలు అమ్మే పెద్ద పెద్ద సైట్లేవీ మీలాగా రాయలేని పేజీ అదొక్కటే. పడుగు ఎలా పోస్తారు, రంగు ఎక్కడ అద్దుతారు, పంజా అనే దువ్వెనలాంటి పనిముట్టుతో పేకను ఎలా దగ్గరికి కొడతారు అన్నది మీ మగ్గం దగ్గర తీసిన ఫొటోలతో వివరిస్తే, దానిని చదివినవారికి ధర ఎందుకంత ఉందో కూడా అర్థమవుతుంది.

ఏ మాటలకు పోటీపడాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 'కాటన్ కార్పెట్' అన్న మాటకు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటివాటిని దాటి మీరు పైకి రావడం సమీప భవిష్యత్తులో జరిగే పని కాదు, దాని కోసం డబ్బు ఖర్చు చేయడం దండుగ. 'వరంగల్ దర్రీలు టోకు', 'కొత్తవాడ దర్రీలు', 'ఫంక్షన్ హాలుకు జంపఖానాలు' వంటివి వెతికేవారు తక్కువమందే అయినా, వెతికినవారు కొనే ఉద్దేశంతోనే వెతుకుతారు, పోటీ కూడా పలుచగా ఉంటుంది. మన దగ్గర ఒకే వస్తువును దర్రీ అనేవారు, జంపఖానా అనేవారు, షత్రంజీ అనేవారు ఉన్నారు గనుక, ఆ మాటలన్నీ మీ వాక్యాలలో సహజంగా ఒకచోట కాకపోతే ఒకచోట రావాలి. వాటి కోసం వేర్వేరు పేజీలు అక్కరలేదు. ఒకే మాటను ప్రతి వాక్యంలో దూర్చవలసిన పని అసలే లేదు, అలా కూరడాన్ని గూగుల్ చాలాకాలంగా స్పామ్ కిందనే లెక్కిస్తోంది. మీ డిజైనరు గర్వంగా చూపిన, పేజీ కోడులో దాగి ఉండే 'మెటా కీవర్డ్స్' వరుసను గూగుల్ తన వెబ్ సెర్చ్ ర్యాంకింగ్‌లో వాడదని 2009లోనే ప్రకటించింది. అందులో ఎన్ని ఊళ్ల పేర్లు రాసినా ప్రయోజనం లేదు.

ఊళ్ల పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్ అని ఊరికొక పేజీ చేసి, లోపలి విషయమంతా ఒకటే ఉంచి పేరు మాత్రం మార్చే ప్రతిపాదన ప్యాకేజీలో ఉందన్నారు. అటువంటివాటిని డోర్‌వే పేజీలంటారు, గూగుల్ స్పామ్ నియమాలలో అవి పేరుపెట్టి నిషేధించినవి. 2024 మార్చిలో తెచ్చిన నియమాలలో, పాఠకుడికి ఉపయోగం లేకుండా ర్యాంకు కోసం గుట్టలుగా తయారుచేసే పేజీలను కూడా చేర్చారు. అవి మనిషి రాసినా, ఏఐతో రాయించినా తేడా లేదు. కరీంనగర్‌లోని హోటలుకు మీరు నిజంగా సరుకు పంపి ఉంటే, ఆ పని ఫొటోలతో, సైజులతో, ఎలా పంపారో వివరాలతో ఒక పేజీ రాయండి. అది కరీంనగర్ పేరుతో ఉండడానికి తగిన కారణమున్న పేజీ.

ప్రతి పేజీకీ విడిగా ఒక శీర్షిక ఉండాలి. సెర్చ్ ఫలితాలలో నీలిరంగులో కనిపించే వరుస సాధారణంగా దీని నుంచే వస్తుంది. మీ సైటు శీర్షిక ఇప్పుడు 'హోమ్' అని ఉంది. అది చూసి ఎవరు లోపలికి వస్తారు? 'వరంగల్ దర్రీలు టోకు ధరకు: ఫంక్షన్ హాళ్లకు, హోటళ్లకు' అని మొదలుపెట్టి చివరలో మీ సంస్థ పేరు పెట్టండి. శీర్షికకు ఇన్ని అక్షరాలే అన్న పరిమితి గూగుల్ పెట్టలేదు గాని, ఫోను తెర మీద పట్టనిది తెగిపోతుంది, అందుకే ముఖ్యమైన మాట ముందుండాలి. కింద కనిపించే చిన్న వివరణకు ర్యాంకులో పాత్ర లేదు, అయినా దానిని రాయండి, ఎందుకంటే నొక్కాలా వద్దా అని మనిషి నిర్ణయించుకొనేది దానిని చదివే.

ఇక మీరు బాగుందంటున్న ఆ జరిగే ఫొటోల సంగతి. ఒక ఫొటోను కుడి క్లిక్కు చేసి దించుకొని దాని బరువు చూడండి. కెమెరాలో నుంచి తీసినదానిని తీసినట్టే ఎక్కించి ఉంటే, వెడల్పు 4,000 పిక్సెళ్లకు పైన, బరువు మూడు నాలుగు ఎంబీలు ఉండడం మామూలే. అటువంటివి నాలుగు. ఏటూరునాగారం వైపు నుంచో, భూపాలపల్లి నుంచో సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్న ఫోనులో మీ సైటు తెరిచిన మనిషికి, మొదటి ఫొటో కనిపించేలోపే ఓపిక అయిపోతుంది. అదే ఫొటోను ఫోను తెరకు సరిపడా వెడల్పుకు కుదించి, తక్కువ బరువుండే వెబ్‌పీ అనే ఫైలు రూపంలో దాచితే సాధారణంగా 200 కేబీ లోపలికి వస్తుంది, నేత గీతలు చెడిపోవు. జరిగే వరుసను పూర్తిగా తీసేసి ఒక్క మంచి ఫొటో ఉంచమని నా సలహా. రెండో ఫొటో నుంచి నాలుగో ఫొటో దాకా ఆగి చూసేవారు చాలా తక్కువ, కాని అందరూ వాటి బరువును మోస్తారు.

వేగాన్ని గూగుల్ మూడు కొలతలతో చూస్తుంది. పేజీలోని పెద్ద భాగం, మీ విషయంలో ఆ మొదటి ఫొటో, 2.5 సెకన్ల లోపల కనిపించాలి. వేలితో నొక్కినప్పుడు స్పందన 200 మిల్లీసెకన్లు దాటకూడదు, ఈ కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది. మూడోది, చదువుతుండగా పేజీ కిందికి పైకి దూకకూడదు, దాని స్కోరు 0.1 లోపల ఉండాలి. ఈ లెక్కలు ప్రయోగశాలలోవి కావు. నిజమైన సందర్శకుల ఫోన్లలో నూటికి డెబ్బై అయిదు సందర్శనలలోనైనా ఆ హద్దులు దాటకుండా ఉండాలి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ చిరునామా ఇస్తే ఉచితంగా చూపుతుంది, అయితే కొత్త సైటుకు సందర్శకులు తక్కువ గనుక నిజమైన ఫోన్ల లెక్క ఇంకా కనిపించకపోవచ్చు. పేజీ దూకడానికి మామూలు కారణం, ఫొటోకు వెడల్పు, ఎత్తు కోడులో రాయకపోవడం. రాస్తే బ్రౌజరు ముందే అంత చోటు ఉంచుతుంది. కింద ఉన్న ఫొటోలు అక్కడికి చేరినప్పుడే దిగేలా పెట్టడం మంచిదే గాని, కొన్ని ప్లగిన్లు (సైటుకు జోడించే అదనపు ప్రోగ్రాములు) మొదటి ఫొటోకు కూడా అదే వర్తింపజేసి ఉన్న వేగాన్ని పాడుచేస్తాయి, దానిని మినహాయించమని చెప్పండి.

ఇంత చెప్పి కూడా ఒక మాట అనక తప్పదు: వేగం స్కోరును నూటికి నూరు చేస్తామనేవారి వెంట పడవద్దు. వేగం ర్యాంకులో చిన్న అంశమే. ప్రశ్నకు సరైన జవాబున్న పేజీ కొంచెం నెమ్మదిగా ఉన్నా పైకి వస్తుంది, జవాబు లేని పేజీ ఎంత వేగంగా తెరుచుకున్నా రాదు. వేగం వచ్చిన మనిషిని నిలబెట్టుకోవడానికి కావాలి.

మీ ఫొటోలలో నాకు నచ్చనిది బరువు ఒక్కటే కాదు. అన్నీ ఫ్లాష్ వేసి తీసినట్టున్నాయి, ఎరుపు నారింజలాగా, ముదురు ఆకుపచ్చ నలుపులాగా కనిపిస్తున్నాయి. పగటివేళ తలుపు దగ్గర, ఎండ నేరుగా పడని చోట దర్రీని పరచి తీయండి. ఒక ఫొటో మొత్తం దర్రీది, ఒకటి నేత కనిపించేంత దగ్గరగా, ఒకటి అంచు, ముళ్లు కనిపించేలా, ఒకటి మంచం మీదనో, మనిషి కూర్చునో సైజు తెలిసేలా ఉంటే చాలు. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫొటోను ఎక్కించకండి, అది మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, ఫోనులో ఉన్న అసలు ఫొటోనే ఇవ్వండి. ప్రతి ఫొటోకు వివరణ మాటలు రాయించండి. 'ఐఎంజీ' అనీ ఒక సంఖ్య అనీ కాకుండా, 'ఎరుపు, నలుపు గీతల ఇకత్ దర్రీ, 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు' అని రాస్తే, చూపు లేనివారి స్క్రీన్ రీడరు దానిని చదివి వినిపిస్తుంది, ఫొటోల సెర్చ్‌లో కూడా దొరుకుతుంది.

రంగుల విషయానికి వస్తే, మీ సరుకులోనే కావలసినన్ని రంగులున్నాయి. పేజీ నేపథ్యం తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉంచి, బటన్లకు ఒకే ఒక రంగు ఎంచుకుంటే దర్రీల ఫొటోలే సైటుకు అందమవుతాయి. ఇప్పుడు మీరు వాడిన బంగారు రంగు అక్షరాలు తెల్లని నేపథ్యం మీద పట్టపగలు బజారులో నిలబడి చదవలేము. అక్షరానికి, నేపథ్యానికి మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. దానిని లెక్కగట్టే ఉచిత సాధనాలు ఎన్నో ఉన్నాయి. అదే ప్రమాణాల 2023 నాటి కూర్పు, నొక్కవలసిన చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు వెడల్పులు ఉండాలంటుంది. నేనైతే మగ్గం మీద పనిచేసిన వేళ్లను, వయసు మీరిన కళ్లను దృష్టిలో పెట్టుకొని దానికి దాదాపు రెట్టింపు అడుగుతాను.

ఫోను తెర గురించి విడిగా చెప్పవలసిన మాట ఒకటుంది. గూగుల్ ఇప్పుడు సైట్లను వాటి మొబైల్ రూపంలోనే చదువుతుంది. 2016లో ప్రకటించిన ఈ మార్పు 2023 అక్టోబరు నాటికి పూర్తయింది. కంప్యూటరులో కనిపించి ఫోనులో తీసేసిన ధరల పట్టికను గూగుల్ లెక్కలోకి తీసుకోదు. నొక్కితే తెరుచుకొనేలా మడిచి పెట్టినా ఇబ్బంది లేదు, పూర్తిగా తీసేయడమే తప్పు. మీ ఫోను నంబరు బొమ్మలో భాగంగా ఉంది కాబట్టి దానిని నొక్కితే డయలు కాదు, కాపీ కూడా కాదు. దానిని అక్షరాలుగా మార్చి, నొక్కగానే కాల్ వెళ్లేలా చేయించండి. పేజీ తెరవగానే తెరనంతా కమ్మేసి పేరు, నంబరు అడిగే పెట్టెను తీసేయండి. మొబైల్ పేజీలలో విషయాన్ని అడ్డుకొనే అటువంటివాటికి ర్యాంకు తగ్గించవచ్చని గూగుల్ 2017 జనవరి నుంచే అమలులో పెట్టింది, పైగా కొనడానికి వచ్చినవారిని అది చికాకుపెడుతుంది. మార్పులయ్యాక, మీ సైటు ఎన్నడూ చూడని బంధువొకరి చేతిలో సాదా ఫోను పెట్టి, "మూడుకు ఆరు దర్రీ ధరెంతో, కాజీపేటకు పంపుతారో లేదో చెప్పు" అని అడిగి, మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. వేలు ఎక్కడ తడబడిందో అక్కడ మార్పు కావాలి. ఏ సాధనం ఇచ్చే నివేదిక కంటే అది ఎక్కువ చెబుతుంది.

తెలుగా, ఇంగ్లిషా అన్నారు. రెండూ ఉండాలి, కాని ఒకే పేజీలో కలగాపులగంగా కాకుండా భాషకొక చిరునామాతో ఉండాలి. టోకు కొనుగోలుదారులు, హైదరాబాదు, బెంగళూరు దుకాణాలవారు ఎక్కువగా ఇంగ్లిషులో వెతుకుతారు కాబట్టి ముందు ఇంగ్లిషు పేజీలు పూర్తి చేయండి, ఇక్కడి ఫంక్షన్ హాళ్లవారు, ఇంటివాడకపువారు చూసే పేజీలను ఆ వెంటనే తెలుగులో రాయండి. ఒకదానికొకటి ప్రతిరూపాలని గూగుల్‌కు చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తును రెండింటిలోనూ పెట్టించండి, తెలుగు పేజీకి భాష తెలుగు అని కోడులో రాయించండి. సందర్శకుడి ప్రాంతాన్ని ఊహించి దానంతట అదే భాష మార్చే ఏర్పాటు వద్దు. గూగుల్ యంత్రం ఎక్కువగా అమెరికా నుంచి వస్తుంది కాబట్టి దానికి మీ తెలుగు పేజీలు ఎప్పటికీ కనిపించకుండా పోవచ్చు. ప్లగిన్ చేసిన అనువాదాన్ని చూడకుండా వదిలేస్తే, 'పడుగు', 'పేక' అనవలసిన చోట ఏ మాటలు వస్తాయో మీరే చూసి నవ్వుకుంటారు, కొనేవాళ్లు నవ్వరు.

మీ సైటులోని తెలుగు వాక్యాలన్నీ ఇప్పుడు బొమ్మలుగా ఉన్నాయి. ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు చేసే డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో టైపు చేయించి, దానిని జేపీజీగా అతికించినట్టున్నారు. అచ్చుపనికి అది సరిపోతుంది. వెబ్‌లో మాత్రం ఆ పాత ఫాంట్ల రాతను నేరుగా అతికిస్తే ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది, బొమ్మగా పెడితే వాక్యంగా లెక్కకు రాదు. ఏ ఫోనులోనైనా అక్షరాలుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించడమే దారి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. శీర్షికలకు ఒకటి, విషయానికి ఒకటి కంటే ఎక్కువ వాడవద్దు, ఎందుకంటే వత్తులు, సంయుక్తాక్షరాల వల్ల తెలుగు ఫాంటు ఫైళ్లు ఇంగ్లిషు ఫాంట్ల కంటే బరువుగా ఉంటాయి. ఫాంటు దిగేలోపు ఫోనులో ఉన్న ఫాంటుతోనే వాక్యం కనిపించేలా పెట్టమనండి. ఇంగ్లిషు థీమ్‌లో ఉండే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస వత్తు, కింది వరుస గుడి ఒకదానికొకటి తగులుతాయి. అక్షరం సైజుకు 1.7 రెట్లు దాకా ఎడం ఉంచితే కంటికి హాయిగా ఉంటుంది. పేజీ చిరునామా మాత్రం ఇంగ్లిషు అక్షరాలలో చిన్నగా ఉండడమే మేలని నా అభిప్రాయం. తెలుగులో ఉన్న చిరునామాను కాపీ చేసి పంపితే ఒక్కో తెలుగు గుర్తు తరచుగా తొమ్మిది గుర్తుల వరుసగా మారిపోతుంది, ఆ పొడవాటి లింకును చూసి మోసమేమోనని జనం నొక్కరు.

దగ్గరలోని కొనుగోలుదారుల కోసం, గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మీ దుకాణం వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తప్పనిసరి, అది ఉచితం. అక్కడ ర్యాంకును ప్రధానంగా మూడు నిర్ణయిస్తాయి: వెతికినదానికి మీరెంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరున్నవారు. దూరాన్ని మీరు మార్చలేరు, మిగిలిన రెండింటి మీద పనిచేయవచ్చు. పేరు, చిరునామా, నంబరు సైటులో ఎలా ఉన్నాయో ప్రొఫైల్‌లోనూ అలాగే ఉండాలి. మన దగ్గర దీనికొక చిక్కుంది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అయ్యాయి, 2021లో అవే కొన్ని మండలాలు అటూ ఇటూ మారి హనుమకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. పాత జాబితాలలో మీ చిరునామా ఏ జిల్లా పేరుతో పడిందో వెతికి, అన్నిచోట్లా ఇప్పటి పేరు పెట్టించండి. కొన్నవారిని సమీక్ష రాయమని అడగడంలో తప్పు లేదు, రాస్తే ధర తగ్గిస్తామనడం మాత్రం గూగుల్ నియమాలకు విరుద్ధం.

సైటులో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర పెట్టారు. వరంగల్ దర్రీలకు 2018లో ఆ గుర్తింపు వచ్చిన మాట నిజమే, అది చెప్పుకోదగిన విషయమే. అయితే 1999 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తింపును తమ సరుకు మీద వాడుకొనే హక్కు అధీకృత వినియోగదారుగా నమోదైనవారికి ఉంటుంది. మీరు గాని, మీ సహకార సంఘం గాని నమోదై ఉంటే ఆ వివరం ముద్ర పక్కనే రాయండి. లేకపోతే నమోదు చేయించుకొనేదాకా ముద్ర తీసేయండి.

లింకుల గురించి: ప్యాకేజీలో చెప్పిన వందల బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మీ సైటుకు వచ్చే లింకులు, అమ్మకపు సరుకు. అటువంటివాటిని పట్టుకోవడానికే గూగుల్ 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది, ఇప్పుడు చాలావరకు వాటిని లెక్కలోకే తీసుకోదు. మీ దర్రీలు కొన్న హోటలు తన సైటులో మీ పేరు రాస్తే, మీ మగ్గాలు చూసి వెళ్లిన డిజైను విద్యార్థులు తమ కళాశాల పేజీలో రాస్తే, చేనేత ప్రదర్శన నిర్వాహకులు పాల్గొన్నవారి జాబితాలో లింకు ఇస్తే, అటువంటివి నాలుగైదు చాలు. అడగడానికి మొహమాటపడకండి.

ఖర్చు విషయంలో, ప్యాకేజీకి పెట్టదలచిన డబ్బులో ఒకటి రెండు నెలల మొత్తం ఈ మార్పులకు సరిపోవాలి. ఫొటోలు, రాత మీ ఇంట్లోవారే చేయగలరు. మార్పులు చేశాక కొన్నిటి ఫలితం కొద్ది రోజులలోనే కనిపిస్తుంది, కొన్నిటికి నెలలు పడుతుంది. సెర్చ్ కన్సోల్‌లో పనితీరు నివేదిక తెరిచి, ఏ మాటలు వెతికినవారికి మీ పేజీ కనిపించింది, ఎందరు నొక్కారు అన్నది నెలకొకసారి చూస్తే చాలు. కనిపించి కూడా ఎవరూ నొక్కని పేజీకి శీర్షిక మార్చండి. మీరు ఊహించని మాటకు కనిపిస్తున్నట్టు తేలితే ఆ మాటకు తగిన జవాబు పేజీలో ఉందో లేదో చూసుకోండి. రోజూ ర్యాంకు చూసుకోవడం వల్ల ఆందోళన తప్ప ఏమీ రాదు.

ఈ పనులన్నిటికంటే ముందు ఒక విషయం కనుక్కోండి. డొమైన్ ఎవరి పేరున, ఎవరి ఈమెయిలుతో నమోదై ఉంది, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే చోటు) లాగిన్ ఎవరి దగ్గర ఉంది అని మీ డిజైనరును ఇవాళే అడగండి. ఆ రెండూ, సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ యాజమాన్యం కూడా మీ ఈమెయిలు మీదే ఉండాలి, డిజైనరుకు వాటిలో పనిచేసే అనుమతి ఇస్తే చాలు. వారి పేరున ఉంటే, ప్యాకేజీ వద్దన్న మాట చెప్పకముందే బదిలీ చేయించుకోండి.